ఆఖరి పిల్లవాడు కారెక్కేదాకా

రాజమండ్రి

చిట్టితల్లీ,

మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ చేసి ఊళ్ళో సంగతులన్నీ అయ్యాక, పెట్టేసే ముందు చెప్పాడు. డెట్రాయిట్ దగ్గర మీ నోవైలో మూడో తరగతి మగపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఈ చలికాలం నువ్వే కోచ్‌వట. లీగ్‌వాళ్ళు వాలంటీర్లు కావాలని అడిగితే ఒక్కళ్ళూ ముందుకు రాలేదని, నువ్వు చెయ్యెత్తావని. ఫోన్ పెట్టాక మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను. ఏలూరులో సిమెంటు కోర్టు మీద మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికొచ్చి, నాన్నమ్మ చూస్తే తిడుతుందని పెరటి గుమ్మంలోంచి లోపలికి జారుకునేదానివి. నేను అమెరికాలో ఉన్నప్పుడు ఒహాయోలోని కొలంబస్ నుంచి పంపిన బూట్లు ఒక సైజు పెద్దవైతే ముందు దూది కుక్కుకుని జిల్లా పోటీలు ఆడావు. ఆ పిల్ల ఇప్పుడు పదిమంది మగపిల్లలకి ఆట నేర్పుతోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం నా వల్ల కాదు.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. లీగ్‌వాళ్ళు పెట్టే ట్రైనింగూ, పోలీసు రికార్డు చూసే ఫారాలూ నీకు తెలిసే ఉంటాయి, ఆలస్యం చేయకుండా పూర్తి చెయ్యి. పిల్లలకి పెద్ద బాల్ ఇవ్వకు, 27.5 అంగుళాల చుట్టుకొలత ఉండే 5వ సైజు చాలు. ప్రతి పిల్లవాడి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లూ, ఆస్తమా ఉందా, ఏం తింటే పడదు అన్నవీ కాగితం మీద రాసుకో. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోకు, ఆ చలికి ఫోన్లు ఆగిపోతాయి. తలకి దెబ్బ తగిలిన పిల్లవాడు 'బాగానే ఉన్నా' అన్నా సరే, ఆ రోజుకి ఆట ఆపెయ్యి. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం దీనికి చట్టం చేసింది, ఐదేళ్ళు తిరిగేలోపు 50 రాష్ట్రాల్లోనూ వచ్చింది. నేను కోచ్‌గా ఉన్న రోజుల్లో అలాంటిదేమీ లేదు. కళ్ళు తిరిగినవాడికి కాసిని నీళ్ళిచ్చి మళ్ళీ కోర్టులోకి పంపేవాళ్ళం. తలుచుకుంటే భయమేస్తుంది.

ఆట గురించి ఒకటే చెబుతాను. ఇది పుట్టిందే చలికాలం కోసం. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, బయట మంచు వల్ల ఆడలేక గోలగోల చేస్తున్న 18 మంది కుర్రాళ్ళని ఏదోలా కుదురుగా ఉంచమంటే, జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీ కటకటాలకి కొట్టించాడు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తులో ఉంది. ఈ రోజుకీ రింగు 10 అడుగులే. పెరిగిన మగవాళ్ళ కోసం, ఉన్న బాల్కనీని బట్టి కుదిరిన ఎత్తు అది, ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతుల్ని చూసి పెట్టింది కాదు. కాబట్టి మీ జిమ్‌లో రింగు దించే వీలుంటే మొహమాటపడకుండా అడిగి దించించు. లేకపోతే పిల్లలు బాల్‌ని నడుము దగ్గర్నుంచి బిందె ఎత్తినట్టు విసరడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు ఆరో తరగతికొచ్చినా పోదు. మా అబ్బాయికి పోలేదు.

ఇంకో సంగతి, నైస్మిత్ మొదట రాసిన 13 రూల్స్ ప్రకారం బాల్ పట్టుకుని పరిగెత్తకూడదు. డ్రిబ్లింగ్ అన్నది తర్వాత వచ్చింది. మొదటి ఆటంతా ఒకరికొకరు అందించుకోవడమే. నువ్వూ అలాగే మొదలుపెట్టు. మొదటి రెండు ప్రాక్టీసులూ డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడించు. అప్పుడు చిన్నవాడి చేతికీ బాల్ వస్తుంది. లేదంటే టీమ్‌లో గట్టివాడొకడు బాల్ తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతుంటాడు, మిగతా వాళ్ళు వాడి వెనక గొర్రెపిల్లల్లా తిరుగుతారు. మన తెలుగు పిల్లలు ఎక్కువగా ఈ వెనక తిరిగేవాళ్ళలో ఉంటారు. నేను కళ్ళారా చూశాను.

మ్యాచ్ మొదలయ్యే ముందు మన రింగు ఏదో వేలు పెట్టి చూపించు. సగం ఆట అయ్యాక వైపులు మారినప్పుడు మళ్ళీ చూపించు. ఎవడో ఒకడు సొంత రింగులో వేసి గాల్లోకి ఎగురుతాడు. వాణ్ణి ఏమీ అనకు. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు నవ్వితే వాళ్ళని మాత్రం అను. విజిల్ పట్టుకునేది చాలాచోట్ల హైస్కూలు కుర్రాడే. వాడి మీద ఎవరైనా అరిస్తే ఆట ఆపించు. మనవాళ్ళు కూడా అరుస్తారమ్మా. మనవాళ్ళు ఇంకాస్త ఎక్కువే అరుస్తారు.

నీ కోపం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదో తరగతిలో నీకు పాస్ ఇవ్వని అమ్మాయి మీదికి బాల్ విసిరి రెండు మ్యాచ్‌లు బయట కూర్చున్నావు. మీ నాన్న మర్చిపోయాడేమో, నేను మర్చిపోలేదు. ఎనిమిదేళ్ళవాళ్ళు నీ మాట వినరు. చెప్పేటప్పుడు బాల్ కొడుతూనే ఉంటారు. పక్కవాడి బూటు లేసు లాగుతారు. గొంతు పెంచకు, బాల్‌ని కాళ్ళ మధ్య పెట్టించి చెప్పు. నీ కొడుకుని అందరికంటే ఎక్కువ మందలించకు, పక్షపాతం అనుకుంటారని భయపడి నేను ఆ పని చేశాను. కార్లో ఇంటికొచ్చే దారిలో ఆట ఊసెత్తకు. వాడు ఎత్తితే విను.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి.

1994లో కొలంబస్‌లో చలి మామూలుగా లేదు. జనవరి 19న మైనస్ 22 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 30. ఆ ఊళ్ళో అంత చలి ఎప్పుడూ పడలేదన్నారు. బళ్ళు మూసేశారు, లీగ్ ఆగింది. ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైంది. మా ప్రాక్టీసు మంగళవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు, ఎలిమెంటరీ స్కూలు జిమ్‌లో. తొమ్మిది మంది పిల్లలు. ఏడు కొట్టేసరికి బయట కార్ల లైట్లు వరసగా కనపడేవి, పిల్లలు కోట్లు వేసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఎప్పుడూ లెక్క పెట్టలేదు. మన ఊళ్ళో ఆట అయిపోతే పిల్లలు ఇంటికెళతారు, అంతే కదా! డ్రిల్లు మాస్టారు మమ్మల్ని ఎవరి చేతికీ అప్పగించలేదు. అప్పగించాలన్న ఆలోచనే నాకు లేదు.

ఆ వారమే తాతయ్యకి గుండెపోటు వచ్చింది. నీకప్పుడు నాలుగేళ్ళుంటాయేమో, గుర్తుండదు. ఉదయం ఆరున్నరకి ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో మీ నాన్న నా ఫోన్ కోసం కాచుకుని ఉండేట్టు మాట్లాడుకున్నాం. మాకది రాత్రి ఎనిమిది. మంచు మొదలైంది. నేను ఏడుకే సంచిలో బాల్స్, చొక్కాలు, కింద పడున్నవన్నీ కుక్కేసి బయల్దేరాను. ఒక్క పిల్లవాడు మిగిలాడు. సన్నగా ఉండేవాడు, మాట తక్కువ. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. "మీ అమ్మ వస్తోందా?" అంటే తలూపాడు. అప్పుడే ఒక కారు లైట్లు స్కూలు వైపు తిరిగాయి. అదిగో వచ్చేసిందనుకుని, "లోపలే నిలబడు" అని చెప్పి, మీ అన్నయ్యని తీసుకుని వచ్చేశాను.

ఆ కారు వాళ్ళమ్మది కాదు. ఎవరో దారి తప్పి, అక్కడ కారు తిప్పుకుని వెళ్ళిపోయారు.

పది నిమిషాలు డ్రైవ్ చేశాక మీ అన్నయ్య వెనక సీట్లోంచి అన్నాడు, "నాన్నా, వాడి కోటు మన సంచిలో ఉంది" అని. నేను హడావిడిలో కుక్కినవాటిలో వాడి కోటు కూడా ఉంది. అయినా నాకు ముందు తట్టింది కోటు రేపు ఇవ్వచ్చులే అనే. రెండు లైట్లు దాటాక గానీ నా బుర్రకెక్కలేదు. కోటు లేకుండా వాడు కారు దాకా ఎలా వెళ్ళినట్టు? ఒకవేళ వెళ్ళకపోతే?

వెనక్కి తిప్పాను. మంచులో కారు కదలదు. తిరిగి వెళ్ళేసరికి జిమ్ తలుపు దగ్గర వాడు లేడు. ఆ లైట్లు చూసి వాళ్ళమ్మే అనుకుని వాడూ బయటికొచ్చాడు. ఆ ఇనప తలుపు మూసుకుంటే బయట నుంచి తెరుచుకోదు. నేల తుడిచే ఆయన బడి ఆ చివర ఎక్కడో ఉన్నాడు, తలుపు కొట్టినా వినపడలేదు. నిక్కరు, పల్చటి చొక్కా, ఆట బూట్లు. గాలి తగలకుండా చెత్తడబ్బాకీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఏడవడం కూడా లేదు. కోటు చుట్టి, కార్లో హీటర్ దగ్గర కూర్చోబెట్టి, చేతులు నా చంకల్లో పెట్టుకున్నాను. అంతలో వాళ్ళమ్మ వచ్చింది, రోడ్లు బాగోక ఆలస్యమైంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నా వైపు చూడలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళవాణ్ణి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు.

వాడి వేళ్ళ చివర్లు తెల్లబడి, తర్వాత తొక్క ఊడింది. అంతకు మించి ఏమీ కాలేదు. పై మంగళవారం వాడు ప్రాక్టీసుకి వచ్చాడు. వాళ్ళమ్మ కూడా వచ్చింది. డ్యూటీ మార్చుకుందట. ఆ సీజన్ అంతా గోడ పక్కన మడతకుర్చీలో, కోటు విప్పకుండా కూర్చునేది. నేను కోచింగ్ బాగా చేశానో లేదో నాకు గుర్తు లేదు కానీ, ఆ కుర్చీ ఏ మూల ఉండేదో ఇప్పటికీ చెప్పగలను.

మీ నాన్నకి ఆ రాత్రి ఫోన్ చేయలేకపోయాను. వాడు బూత్‌లో రెండు గంటలు కూర్చున్నాడు. తర్వాత అడిగితే లైన్ దొరకలేదన్నాను. ముప్పై ఏళ్ళు దాటింది, నిజం చెప్పలేదు. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. నేను నోటితో చెప్పలేను.

ఆ తర్వాత నాలుగు చలికాలాలు కోచ్‌గా ఉన్నాను. ప్రతిసారీ అట్టకి కాగితం తగిలించి పేర్లు రాసుకునేవాణ్ణి. ఎవరు తీసుకెళ్ళారో చూసి, వాళ్ళ మొహం చూసి, టిక్కు పెట్టేవాణ్ణి. లైట్లు చూసి కాదు, మొహం చూసి. నువ్వూ అలాగే చెయ్యి. మొదటి రోజే తల్లిదండ్రులకి చెప్పు, హారన్ కొడితే పిల్లల్ని పంపను, లోపలికొచ్చి తీసుకెళ్ళాలి అని. మంచులో దిగాలా అని విసుక్కుంటారు. విసుక్కోనీ. కోట్లన్నీ ఒకేచోట, నీ కంటికి కనపడేట్టు పెట్టించు. బయటి తలుపు మూసుకుంటే తెరుచుకుంటుందో లేదో నువ్వే వెళ్ళి లాగి చూడు. ఇంకో తల్లినో తండ్రినో ఆఖరి దాకా నీతో ఉండమను, ఒక్క పిల్లవాడితో నువ్వు ఒక్కదానివే ఉండకూడదని చాలా లీగుల్లో రూలు, అది నీకూ మంచిదే. ఇంట్లో ఎంత తొందర పనున్నా, అమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేదున్నా, నేను పోయానని కబురొచ్చినా సరే, చివరివాణ్ణి అప్పగించేదాకా కదలకు. నేను పోయాక పది నిమిషాలు ఆలస్యంగా ఏడిస్తే నాకేం తక్కువ కాదు.

అనకూడని మాట అన్నానని మీ పెద్దమ్మ పక్కనుంచి కోప్పడుతోంది. రాసింది కొట్టేయను.

సంక్రాంతికి మీ పెద్దమ్మ పార్శిల్ పంపుతుంది. అందులో పల్లీ ఉండలు, నువ్వుండలు ఇంట్లోనే తినండి, టీమ్‌కి పట్టుకెళ్ళకు. పల్లీల సంగతి నీకు తెలుసు, నువ్వులు కూడా పడని పిల్లలుంటారు, 2023 జనవరి నుంచి అక్కడ ప్యాకెట్ల మీద నువ్వుల పేరు కూడా విడిగా రాయాలి. కమలాపళ్ళ తొనలు పట్టుకెళ్ళు. అవి కూడా అడిగే పెట్టు.

శనివారం పొద్దున్న పదింటికి మీ మొదటి మ్యాచ్ అని మీ నాన్న అన్నాడు. మాకు రాత్రి ఎనిమిదిన్నర, అల్లుడు గారిని వీడియో కాల్ పెట్టమను. మ్యాచ్ కంటే నాకు ప్రాక్టీసు ముఖ్యం. ఏడింటికి అయిపోతుంది కదా, అప్పుడు మాకు తెల్లవారి ఐదున్నర. నేను లేచే ఉంటాను. చివరి పిల్లవాడు వెళ్ళాక 'అందరూ వెళ్ళారు' అని ఒక్క మెసేజ్ పెట్టు. అది చూసుకుని కాఫీ తాగుతాను.

నీ పెదనాన్న