కొల్లేరుకు ధర కట్టబోయే ముందు

చిరంజీవి శ్రావణికి,

కొల్లేరు విలువ లెక్కగట్టే పని నీకొచ్చిందని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. నువ్వు పంపిన ప్రశ్నపత్రం చూశాను. పదకొండో ప్రశ్న కొట్టేయ్.

“సరస్సును కాపాడటానికి నెలకు ఎంత ఇస్తారు?” అని లంక గ్రామాల్లో అడగకూడదమ్మా. 2006లో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టించిన ఊళ్లవి. కాపాడటం అంటే వాళ్లకు గుర్తొచ్చేది పొక్లెయిన్లే. పోనీ “ఎంత ఇస్తే చెరువు వదులుకుంటారు?” అని అడిగావనుకో, అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎవరూ అబద్ధమాడరు. మొదటి ప్రశ్నలో కొల్లేరు సర్కారుది, రెండోదాంట్లో వాళ్లది, అంతే తేడా. 1989లో అలాస్కా తీరంలో చమురు ఒలికాక, అలాంటి నష్టాన్ని జనాన్ని అడిగి ఎలా లెక్కగట్టాలో తేల్చడానికి యారో, సోలో లాంటి ఉద్దండ ఆర్థికవేత్తలు కూర్చుని 1993లో “ఎంత ఇస్తారు” అనే అడగమన్నారు. జాగ్రత్త కోసం అన్నారు, తక్కువ అంకె వస్తుంది కాబట్టి. ఇక్కడ ఆ జాగ్రత్త ఎవరికి లాభమో ఆలోచించు.

నన్నడిగితే, సరస్సు నీళ్లు తాగడానికి పనికిరాక వాళ్లు ఇప్పటికే పెడుతున్న ఖర్చు చూడు. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం క్యాన్ కొనుక్కుంటారు. వారానికి ఎన్ని క్యాన్లు, పడవ మీదో ఆటోలోనో తెచ్చుకోవడానికి ఎంత, అదంతా రాసుకో. అది కనీస విలువే అనుకో, కానీ దాన్ని కాదనేవాడుండడు.

వెంట అధికారిని తీసుకెళ్లకు. వేరే జిల్లాలో నేనా తప్పు చేశాను. ఊళ్లో చెరువే లేదన్నారు, వెనకాల చేపల చెరువులో గాలి కలిపే ఏరేటర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది! లీజు డబ్బు తీసుకునేవాళ్లను, వల లాగే కూలీలను విడివిడిగా అడుగు. ఇద్దరి జవాబులూ కలిపి సగటు తీశావంటే ఆ అంకె ఎవరిదీ కాదు.

బుడమేరు, తమ్మిలేరు వాగుల వరదను కొల్లేరు పట్టి ఉంచడం వల్ల మిగిలే పంటను మాత్రం జనాన్ని అడగొద్దు, నష్టాల రికార్డుల్లో వెతుకు.

డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించే శాతం, దాని దగ్గర నీ మీద ఒత్తిడి వస్తుంది. 50 ఏళ్ల తర్వాతి 100 రూపాయలు 10 శాతం రేటుతో ఇవాళ 85 పైసలు, 4 శాతంతో 14 రూపాయలు. రెండూ ఒకే పేజీలో చూపించు, అనుబంధంలోకి నెట్టనివ్వకు.

వచ్చేటప్పుడు మీ పిన్ని కొరమీను తెమ్మంది. ఆ బిల్లు రిపోర్టులో పెట్టకు.

బాబాయి