అమ్మలూ, అంచు దగ్గర చెయ్యి ఆపు

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి విశాఖ మద్దిలపాలెంలో కార్లకీ బైకులకీ గీతలు తీసే షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ రాత్రి నిద్ర పట్టలేదు. కంచరపాలెంలో ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను. నా కొడుకులిద్దరికీ ఆ షెడ్డు వాసనే పడలేదు. మేనకోడలు పట్టుకుంటుందని ఎవరనుకున్నారు!

కడగడం నీకు చెప్పక్కర్లేదు. నీడలో, బానెట్ చల్లారాక కడుగు. షాంపూకి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకోటి. పొడిగుడ్డ మాత్రం పెట్టకు. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాడు కరెంటు లేదు, నీళ్లు లేవు. జనం కార్ల మీది ఇసుకని పొడిగుడ్డతో తుడిచేశారు. ఆ గీతలు తీయడంతోనే నాకు ఆర్నెల్లు గడిచిపోయింది.

జ్ఞానాపురం వైపు రైలు పట్టాల పక్కన నిలబెట్టే తెల్లకార్లు నీ దగ్గరికి వస్తాయి. ఎంత కడిగినా ఒంటి నిండా గోధుమరంగు చుక్కలుంటాయి. అది మురికి కాదు, ఇనుప రవ్వ పెయింట్‌లో దిగి తుప్పు పట్టడం. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మెల్లగా నిమిరి చూడు, గరగరలాడుతుంది. ఐరన్ రిమూవర్ అని ఇనుము కరిగించే మందు కొడితే చుక్కలు వంకాయ రంగుకి తిరిగి కారతాయి. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, ఓర్చుకో. ఆరిపోకముందే కడిగెయ్. ఇంకా గరగర ఉంటే షాంపూ నీళ్లు చల్లుతూ క్లే అనే మెత్తటి బంక ముద్దతో రుద్ది తియ్యి. ముద్ద నేల మీద పడిందా, పారెయ్. కడిగి వాడుకుందామని చూడకు.

గీత వస్తే ముందు గోరు అడ్డంగా లాగి చూడు. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయేది కాదు. ఆ మాట డబ్బు తీసుకోకముందే చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. 1996లో ఒక ఆఫీసరుగారు కొత్త సిల్వర్ మెటాలిక్ కారు తెచ్చారు. బానెట్ మీద పిల్లి గోళ్ల గీతలు. అప్పటిదాకా నేను చేసినవన్నీ అంబాసిడర్లు, పద్మినీలు. వాటికి రుద్దుతుంటే రంగు గుడ్డకి దిగేది. ఎంత దిగిందో చూసుకుని ఆపేవాళ్లం, అదే మా కొలత. మెటాలిక్‌కి రంగు మీద క్లియర్ కోటు అని రంగులేని పూత ఉంటుంది. తల వెంట్రుక కన్నా పల్చన. దాన్ని రుద్దితే గుడ్డకి ఏ రంగూ అంటదు. ఇంకా ఏమీ అరగలేదనుకుని ఉన్ని ప్యాడ్‌తో పాలిష్ మిషన్ నడుపుతూనే ఉన్నాను. బానెట్ అంచున వేలెడు మేర మసకబారింది. రుద్దే పేస్టు ఎండిందేమోనని నీళ్లు కొట్టాను. తడిగా ఉన్నంతసేపు అద్దంలా ఉంది. ఆరగానే మళ్లీ మసక. ప్యాడ్ తిప్పి చూస్తే వెండి రంగు. క్లియర్ కోటు పోయి కింది రంగు దాకా దిగిపోయాను. నా కాళ్లలో సత్తువ పోయింది.

అక్కడితో ఆగి ఆయనకి చెప్పినా సరిపోయేది. చెప్పలేదు. వ్యాక్స్ దట్టంగా పట్టించి కారు ఇచ్చేశాను. వారం తర్వాత వాన పడి ఆ వ్యాక్స్ పోయింది. ఆయన వచ్చి అరవలేదు, "నీకు కనబడలేదా బాబూ?" అన్నారు. ఆ అడగడం ఇంకా నా చెవిలోనే ఉంది. మీ అత్త గాజులు తాకట్టు పెట్టి బానెట్ మొత్తం పెయింట్ వేయించాను. షెడ్డులో షేడు కలిసినట్టే ఉంది. బీచ్ రోడ్డు ఎండలో చూస్తే బానెట్ ఒక రంగు, డోర్లు ఇంకో రంగు.

అందుకే అంచులకీ బాడీ లైన్లకీ ముందు టేపు వెయ్యి. అక్కడ పెయింట్ పల్చన, ప్యాడ్ నొక్కు ఎక్కువ.

మీ అమ్మ నీ వీడియో పంపింది. చెయ్యి బాగా తిరుగుతోంది, నాలుగుసార్లు చూశాను. కానీ టేపు ఏదీ? మాస్కు ఏదీ? తిరిగే మిషన్ పక్కన జుట్టు విరబోసుకుని నిలబడతావా? బుద్ధి ఉందా అసలు? నా దగ్గు ఊరికే వచ్చిందనుకుంటున్నావా? ముడి పెట్టుకో తల్లీ.

బైకుల విషయంలో రెండే మాటలు. మ్యాట్ ట్యాంకుకి పాలిష్ పెట్టకు, మెరుపు వస్తే మళ్లీ మ్యాట్ అవదు. బ్రేక్ డిస్క్ మీద వ్యాక్స్ చుక్క కూడా పడనివ్వకు.

ఆదివారం ఆటోలో పాత మెటాలిక్ బానెట్ ఒకటి పంపిస్తున్నాను. మొదటి గిరాకీ రాకముందే దాని అంచు మసకబారేదాకా రుద్దు. నీళ్లు కొట్టి చూడు, ఆరాక చూడు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

మీ పెద్ద మావయ్య