వాంకూవర్ కన్వెన్షన్ సెంటర్ కొత్త భవనం నీటి మీద తేలుతుందా?

లేదు, తేలదు. సభలు, ఎగ్జిబిషన్లు జరిగే, కెనడాలోని ఈ సెంటర్ పశ్చిమ భవనం సముద్రపు అడుగులోకి దించిన పైల్స్ (పొడవాటి స్తంభాలు) మీద కదలకుండా నిలబడి ఉంటుంది. ఫొటోల్లో కింద నీళ్లు కనిపిస్తాయి కాబట్టి అనుమానం రావడం సహజమే. భవనంలో దాదాపు 40 శాతం నిజంగానే నీళ్ల పైన ఉంది.

పాత భవనం చాలక ఈ విస్తరణ చేపట్టారు, కొత్త భవనం 2009లో తెరుచుకుంది. ఎగ్జిబిషన్ హాలుకు ఒకే మట్టాన విశాలమైన చోటు కావాలి. అంతస్తులు పెంచితే ఆ అవసరం తీరదు. డౌన్‌టౌన్ ఒడ్డున ఖాళీ నేల తక్కువ, అందుకే నీటి వైపు జరిగారు. సముద్రాన్ని పూడ్చినా స్థలం వచ్చేది గానీ, అక్కడి జీవుల చోటు పోయేది. పైల్స్ అయితే ఆటుపోట్ల నీరు కిందుగా వచ్చిపోతూనే ఉంటుంది.

ఆ జీవుల కోసమే భవనం అంచు వెంట నీళ్లలో మెట్లు మెట్లుగా కాంక్రీటు చట్రాలు దించారు. వాటి మీద నాచు, ఆల్చిప్పలు, పీతలు, సముద్ర నక్షత్రాలు స్థిరపడ్డాయి. ఇంత పెద్ద కట్టడంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది: తెల్లని తెరచాపల కప్పున్న భవనమే కొత్తది అనుకుంటారు. అది కెనడా ప్లేస్, 1986 ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది. ఇప్పుడు తూర్పు భవనం అందులోనే ఉంది. కొత్తదాన్ని గుర్తుపట్టాలంటే పైన చూడండి: 6 ఎకరాల పచ్చగడ్డి కప్పు ఉంటుంది.