ఎక్స్‌రేలో ఏమీ లేదు, కానీ పన్నూ దవడా రెండూ నొప్పి: రూట్ కెనాలా, పీకించడమా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 34. మూడు వారాలుగా ఎడమవైపు కింది వెనక పళ్ళలో నొప్పి, అది చెవి దాకా, కణత దాకా లాగుతోంది. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టు ఉంటోంది. చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. ఎక్స్‌రేలో పుచ్చు కనపడలేదు. ఒక డాక్టరు రూట్ కెనాల్ చేయిద్దామన్నారు, ఇంకొకరు జ్ఞానదంతం పీకించేయమన్నారు. డోలో వేసుకుంటే నాలుగు గంటలు బాగుంటోంది, మళ్ళీ మామూలే.

జ్వరం, వాపు లేకపోతే ఈ వారం ఆ రెండూ వద్దు. తప్పు ఏ పంటిదో, అసలు పంటిదో కాదో తేలకుండా చేయించుకున్న రూట్ కెనాల్ వల్ల నొప్పి పోకపోగా, మంచి పన్ను ఒకటి చేజేతులా బలహీనపడుతుంది.

కింది పళ్ళకి, నమిలే కండరాలకి, చెవి ముందు భాగానికి నరాలన్నీ ఒకే పెద్ద నరం తాలూకు మూడో కొమ్మ నుంచి వస్తాయి. అందుకే పంటి నొప్పి చెవిలో తెలుస్తుంది, కండరం నొప్పి పంటిలో తెలుస్తుంది. పంటి లోపలి నరానికి నొప్పి పుట్టించడం తెలుసు గానీ ఎక్కడో సరిగ్గా చెప్పడం రాదు. పై పన్ను పాడైతే కింది పన్ను నొప్పెడుతున్నట్టు అనిపించడం మామూలే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు: ఎడమ పంటి నొప్పి కుడివైపుకి దాటదు. రెండు దవడలూ ఒకేసారి లాగుతుంటే ఆ నేరం పంటి మీద వెయ్యకండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్న మాటకి అతిగా ధైర్యపడక్కర్లేదు, అతిగా భయపడక్కర్లేదు. నరం వాపు ఎక్స్‌రేలో కనపడదు. వేరు కొసన ఎముక బాగా కరిగాకే నల్లమచ్చ పడుతుంది. పంటిలో సన్నని చీలిక ఉంటే, అది చాలాసార్లు ముందు నుంచి వెనక్కి సాగుతుంది కాబట్టి ఫిల్ముకి సమాంతరంగా ఉండి దొరకదు.

ఇంట్లోనే నాలుగు పరీక్షలు చేసి, ఫలితం కాగితం మీద రాసుకోండి. మందు ప్రభావం పూర్తిగా దిగాక, అంటే కనీసం ఆరు గంటలు ఆగి చెయ్యాలి.

మొదటిది చలి పరీక్ష. ఐస్ ముక్కని గుడ్డలో చుట్టి కొస మాత్రం బయటికి ఉంచండి. ముందు నొప్పిలేని కుడివైపు పంటికి రెండు మూడు సెకన్లు ఆనించి, మీ పళ్ళకి ఎంత జివ్వుమనడం మామూలో తెలుసుకోండి. తర్వాత ఎడమవైపు అన్నిటికన్నా వెనక పంటితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ముందుకి రండి. ముందు నుంచి మొదలుపెడితే కరిగిన నీళ్ళు వెనక్కి జారి, ఏ పన్ను అరిచిందో తెలియదు. ఐస్ తీసిన క్షణం నుంచి ఫోన్లో సెకన్లు లెక్కపెట్టండి. ఇక్కడ నొప్పి ఎంత గట్టిగా వచ్చిందన్నది కాదు, ఎంతసేపు నిలిచిందన్నది ముఖ్యం. ఐదు పది సెకన్లలో పోతే లోపలి నరం ఇంకా బాగానే ఉంది. చిగురు కిందికి దిగి వేరు బయటపడటమో, అరుగుదలో, పాత సిమెంట్ పక్కన సందో కారణం కావచ్చు. అర నిమిషం దాటి సలుపుతూ ఉంటే, లేదా రాత్రి పడుకోగానే పోటు మొదలై లేచి కూర్చుంటే తగ్గుతుంటే, వేడి కాఫీకి నొప్పి లేచి చన్నీళ్ళు పుక్కిట పడితే ఊరట కలుగుతుంటే, ఆ నరం ఇక కోలుకోదు. అప్పుడు రూట్ కెనాల్ అన్న డాక్టరుదే సరైన మాట, వాయిదా వెయ్యకండి. అలాంటి పన్ను కొన్నాళ్ళకి ఒక్కసారిగా నొప్పి ఆపేస్తే అది నయమవడం కాదు, నరం చచ్చిపోవడం. చీము ఆ తర్వాత వస్తుంది.

రెండోది కొరుకుడు పరీక్ష. దూదిని పెన్సిల్ మందాన గట్టిగా చుట్టి, ఒక్కో పంటి మీద పెట్టుకుని నెమ్మదిగా కొరికి, టక్కున వదలండి. కొరికేటప్పుడు నొప్పి వస్తే వేరు చుట్టూ వాపు ఉండొచ్చు. వదిలేటప్పుడు సూదితో పొడిచినట్టు వస్తే మాత్రం చీలికని అనుమానించాలి. నొక్కినప్పుడు తెరుచుకున్న చీలిక వదలగానే మూసుకుంటుంది, దాంతో పంటి లోపలి సన్నని గొట్టాల్లో ద్రవం కదిలి నరాన్ని తాకుతుంది. కింది దవడ పళ్ళలో, అందులోనూ పెద్ద పాత సిమెంట్ ఉన్నవాటిలో ఇది ఎక్కువ. వక్కలు, ఐస్, మటన్ ఎముకలు పటపటా నమిలే అలవాటు ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. చీలిక పైపైనే ఉంటే క్యాప్‌తో పన్ను నిలుస్తుంది, వేరులోకి దిగితే పీకడమే. చీలిన పంటికి రూట్ కెనాల్ చేయించి, డబ్బుల కోసం క్యాప్ ఆపుకుంటే పన్ను రెండు ముక్కలయ్యే ప్రమాదం ఎక్కువ. అప్పుడు రూట్ కెనాల్ డబ్బులు కూడా పోయినట్టే.

మూడోది కండరం. మీ వర్ణన చదివితే నా అనుమానం ఎక్కువగా ఇటే పోతోంది. పళ్ళు బిగిస్తే దవడ మూల దగ్గర ఉబ్బే కండరం ఉంది కదా, పళ్ళు వదులు చేసి దాన్ని రెండు వేళ్ళతో నొక్కండి. ఎంత గట్టిగా అంటే సుమారు కిలో బరువు. వంటింటి త్రాసు మీద ఒకసారి వేళ్ళతో నొక్కి చూసుకుంటే అంచనా దొరుకుతుంది. ఐదు సెకన్లు అలాగే ఉంచండి. కణత మీద కూడా అంతే. మీరు రోజూ పడుతున్న అదే నొప్పి, అదే పంటిలో, అదే చెవిలో లేస్తే మూలం చాలావరకు కండరంలోనే ఉంది. అద్దంలో నాలుక అంచులు చూడండి, పళ్ళ ముద్రలు పడి గాజుల అంచులా వంపులు తిరిగి ఉంటాయి. చెంప లోపల పళ్ళు కలిసే ఎత్తున తెల్లగీత ఉంటుంది. ఈ రెండూ ఉంటే పళ్ళు బిగించే అలవాటో, నిద్రలో నూరే అలవాటో ఉండొచ్చు. చన్నీళ్ళకి జివ్వుమనడం కూడా దీనివల్లే కావచ్చు, బిగించి బిగించి పళ్ళు అలసిపోతాయి.

నాలుగోది నోరు తెరవడం. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ నిలువుగా పైపళ్ళ కిందిపళ్ళ మధ్య పట్టాలి, అంటే దాదాపు 40 మిల్లీమీటర్లు. చెవి ముందు టక్ మని శబ్దం వచ్చినా నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదు. కానీ ఇన్నాళ్ళూ వచ్చిన శబ్దం హఠాత్తుగా ఆగి, నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోకపోతే కీలులోని మెత్తటి బిళ్ళ జారి ఇరుక్కుని ఉండొచ్చు. రెండు మూడు రోజుల్లో చూపించుకోండి. గుట్కా, వక్కపొడి అలవాటున్నవారికి నోరు నెలల తరబడి మెల్లగా బిగుసుకుపోతూ కారం తగిలితే భగ్గుమంటుంటే అది వేరే జబ్బు. క్యాన్సర్‌కి దారితీయగలది. దాన్ని కండరాల నొప్పి ఖాతాలో వెయ్యకూడదు.

కండరమని తేలితే రెండు వారాలు ఇలా చెయ్యండి. వేడినీళ్ళలో పిండిన తువ్వాలు దవడ మీద 15 నుంచి 20 నిమిషాలు, రోజుకి మూడుసార్లు. పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా తినండి. పరోటా, మటన్, చెరుకు, సకినాలు, జంతికలు, చూయింగ్ గమ్ మానేయండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ తెరవకుండా ఆపండి. బోర్లా పడుకోవద్దు. అన్నిటికన్నా పనిచేసేది ఇది: పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొస ‘న’ అన్నప్పుడు ఆనేచోట ఉండాలి. తినేటప్పుడు, గుటక వేసేటప్పుడు తప్ప పళ్ళకి పళ్ళు తగలనక్కర్లేదు. చాలామంది కంప్యూటర్ ముందు, ట్రాఫిక్‌లో బండి మీద గంటల తరబడి బిగించే ఉంటారు. మానిటర్ అంచున, ఫోన్ వెనక రంగు బొట్టుబిళ్ళ అతికించుకుని, కంటపడిన ప్రతిసారీ దవడ వదలండి. డిప్రెషన్‌కి, ఆందోళనకి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందులు ఈమధ్యే మొదలుపెట్టి ఉంటే వాటివల్ల కూడా పళ్ళు నూరడం రావొచ్చు. రాసిన డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

రెండు వారాల్లో తేడా లేకపోతే నైట్ గార్డ్, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు. పళ్ళ కొలత తీసి చేసే గట్టి యాక్రిలిక్‌ది, వరసలోని పళ్ళన్నిటినీ కప్పేది చేయించుకోండి. ఆన్‌లైన్లో దొరికే వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికే రకం కొందరికి నమలడానికి ఒక వస్తువు దొరికినట్టవుతుంది, నొప్పి పెరుగుతుంది. ఇచ్చిన రోజే రంగు కాగితంతో కొరికించి, అన్ని పళ్ళూ సమంగా తగిలేలా అరగదీయించాలి. ఆ పని ఎగ్గొడితే గార్డే కొత్త నొప్పి తెస్తుంది. కడిగేది చన్నీళ్ళతోనే, వేడినీళ్ళకి వంకర పోతుంది.

చలి పరీక్షలో సెకన్లలో పోయే జివ్వుమనడమే తేలితే, 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రెండు పూటలా వాడండి. ఫలితానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజుల్లో పనిచెయ్యట్లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. తోముకున్నాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి, నీళ్ళతో పుక్కిలిస్తే మందంతా పోతుంది. మెత్తటి బ్రష్ వాడండి. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు పెట్టి తోమడం మానండి.

ఈలోగా నొప్పికి. డోలో అంటే పారాసిటమాలే, అదొక్కటే వాపుని తగ్గించలేదు. పంటి నొప్పికి ఐబుప్రోఫెన్ 400, పారాసిటమాల్ 500 కలిపి తిన్నాక వేసుకోవడం మెరుగు, ఎనిమిది గంటలకోసారి, రెండు మూడు రోజులకి మించకుండా. కాంబిఫ్లామ్‌లో ఈ రెండూ ఇప్పటికే ఉన్నాయి, ఒక్కో మాత్రలో పారాసిటమాల్ 325. అవి మూడు, పైన డోలో 650లు నాలుగు అంటే రోజుకి 3.5 గ్రాములు దాటుతుంది. 3 గ్రాముల లోపు ఉంచుకోండి, మద్యం, కాలేయం సమస్య ఉంటే ఇంకా తక్కువ. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా, రక్తం పలచబరిచే మందులు, గర్భం, డెంగ్యూ అనుమానం, వీటిలో ఏది ఉన్నా ఐబుప్రోఫెన్ వద్దు. మందుల షాపులో చేతికిచ్చే కెటోరాల్ డీటీ పంటి నొప్పిని ఇట్టే చంపుతుంది, అందుకే వారాల తరబడి వాడేస్తుంటారు. అది ఐదు రోజులకి మించకూడని మందు, కడుపులో రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం దానితో వచ్చే ముప్పు. ఐబుప్రోఫెన్‌తో కలిపి అసలే వేసుకోకూడదు. యాంటీబయాటిక్ నరం నొప్పిని తగ్గించదు. షాపతను ఇస్తున్నాడని కొనకండి.

లవంగ నూనె ఒక్క చుక్క దూదికి అద్ది పంటి గుంటలో పెట్టొచ్చు, చిగురుకి తగిలితే కాలుతుంది. నొప్పి మాత్ర నలిపి చిగురు మీద పెట్టడం, జిల్లేడు పాలు, దంచిన వెల్లుల్లి, పెట్రోల్ ఏవీ వద్దు, చర్మం తెల్లగా ఊడి వస్తుంది. చెంప వాచి ఉంటే వేడి కాపడం పెట్టకండి, ఐస్ మాత్రమే, పది నిమిషాలు. కండరానికి చెప్పిన వేడి చీము గడ్డకి పనికిరాదు.

పన్నూ కాదు, కండరమూ కాదు అనిపించేవి ఇంకొన్ని. జలుబు తర్వాత పై వెనక పళ్ళు నాలుగైదు కలిసి నొప్పెట్టి, కిందికి వంగితే బరువెక్కితే సైనస్. ముఖం కడుక్కున్నా, బ్రష్ తగిలినా, గాలి వీచినా కరెంట్ షాక్‌లా కొన్ని సెకన్లు కొట్టి ఆగిపోతే నరం జబ్బు. ఎక్కువగా 50 దాటినవారిలో వస్తుంది, కార్బమాజెపిన్ అనే మందుతో తగ్గే దీనికి వరసగా మూడు నాలుగు పళ్ళు పీకించుకున్నవాళ్ళు ఉంటారు. అన్నం ముందు కూర్చోగానే దవడ కింద బిళ్ళ కట్టి గంటలో తగ్గితే లాలాజల గ్రంథిలో రాయి ఉండొచ్చు. మెట్లెక్కితే కింది దవడ లాగి, ఆగితే తగ్గితే గుండె. చెమట, ఆయాసం, ఛాతీ బరువు తోడైతే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, డెంటల్ క్లినిక్‌కి కాదు. దవడ కింద వాపు గట్టిపడి, నాలుక పైకి లేచి, మింగడం కష్టమై జ్వరం వస్తే ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఊపిరాడకుండా చేసే ఇన్ఫెక్షన్ అది.

ఖర్చు గురించి బెంగ ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడే ఓపిక ఉండాలి అంతే. ఎక్కడికెళ్ళినా “పంటి నొప్పి” అని ఆపకుండా మీరు రాసుకున్న కాగితం ఇవ్వండి. చల్లటి స్ప్రేతో ఒక్కో పన్నూ పరీక్షించమని, వదిలేటప్పుడు వచ్చే నొప్పి చూడమని, కండరాలు నొక్కి చూడమని అడగండి. ఈ మూడూ చెయ్యకుండా డ్రిల్ తీసుకునేవారి దగ్గర కాసేపు ఆగండి.

ఇక జ్ఞానదంతం. అది సగం బయటికొచ్చి, పైన చిగురు మూతలా కప్పి, లోపల అన్నం మెతుకులు ఇరుక్కుని చీము వాసన, మింగితే నొప్పి ఉంటే అదే నిందితుడు. ముందు ఆ మూత కింద శుభ్రం చేయించుకోండి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూన్ ఉప్పుతో రోజుకి నాలుగుసార్లు పుక్కిలించండి. వాపు తీశాక, మళ్ళీ మళ్ళీ వస్తుంటే పీకించండి. పూర్తిగా ఎముకలో పడుకుని ఏ గొడవా చెయ్యనిదాన్ని మీ నొప్పికి బాధ్యురాల్ని చెయ్యకండి. పీకించుకుంటే మాత్రం మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు, సిగరెట్ ముట్టకూడదు. గడ్డ కట్టిన రక్తం ఊడిపోతే మూడో రోజుకి చెవి దాకా కొట్టే నొప్పి మొదలవుతుంది. దానికి మాత్రలు మింగుతూ కూర్చోకుండా వెనక్కెళ్ళి గుంట కడిగించి మందు పెట్టించుకోండి, చాలావరకు అదే రోజు ఊరట దొరుకుతుంది.