బీరు సంగతి తర్వాత, ముందు ఆ బొటనవేలు చూపించండి

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. అమెరికాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంట్లోనే బీరు తయారుచేసుకునేవాణ్ని. అక్కడ దానికి చట్టం అడ్డు చెప్పదు. ఆరేళ్ల క్రితం మానేశాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో స్థిరపడ్డాం. ఈమధ్య పాత సామాను సర్దుతుంటే బకెట్లు, సీసాలు, గడువు దాటిన ఈస్టు పొట్లాలు బయటపడ్డాయి. మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. ఆ ఈస్టు వాడితే ప్రమాదమా? ఇంట్లో చేసిన బీరులో మిథనాల్ ఉంటుందని, కళ్లు పోతాయని మా బావగారు భయపెడుతున్నారు. నిజమేనా? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. అప్పుడప్పుడు కుడికాలి బొటనవేలు వాచి నొప్పి చేస్తుంది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటే నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఇంకే సమస్యా లేదు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో ఈస్టు గురించి చాలా రాశారు. నాకు మాత్రం చివర్లో రాసిన ఆ బొటనవేలు దగ్గరే చూపు ఆగిపోయింది. "ఇంకే సమస్యా లేదు" అంటున్నారు. ఉన్న సమస్య అదేనండీ. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

యాభై దాటిన మగవారు, బీపీ, షుగర్, బొటనవేలి మొదట్లో వాపు, కొన్నాళ్లకు తగ్గడం, మళ్లీ రావడం. ఇన్ని కలిసి కనిపిస్తే మేం ముందుగా అనుమానించేది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, స్ఫటికాలుగా మారి కీలులో పేరుకుంటుంది. నొప్పి చాలామందికి రాత్రిపూట మొదలవుతుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. అయితే కాలు చూడకుండా ఇది గౌటేనని నేను చెప్పలేను. షుగర్ ఉన్నవాళ్లకు వేలు ఎర్రబడిందంటే అది చర్మం ఇన్ఫెక్షన్ కావచ్చు, కీలులో చీము చేరడమూ కావచ్చు. వాపుతోపాటు జ్వరం, చలి ఉన్నా, వేళ్ల మధ్య పుండు ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

నాలుగు రోజుల్లో తగ్గిపోతోందని ధీమాగా రాశారు. గౌట్ నొప్పి మందు వేసుకోకపోయినా వారం, రెండు వారాల్లో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. మాత్ర నొప్పిని త్వరగా అణచింది, అంతే. యూరిక్ యాసిడ్ ఎక్కడున్నది అక్కడే ఉంది. ఏడాదికోసారి వచ్చేది ఆరు నెలలకు, ఆ తర్వాత మూడు నెలలకు రావడం మొదలవుతుంది. చీలమండకు, మోకాలికి పాకుతుంది. కీలు అరిగాక, కిడ్నీలో రాళ్లు పడ్డాక వచ్చి "ఇన్నాళ్లూ షాపు మాత్రతోనే తగ్గేది కదండీ" అనేవాళ్లను నా ఓపీలో తరచుగా చూస్తుంటాను. మీరు చదువుకున్నవారు, మాత్రల పేర్లు కూడా తప్పుల్లేకుండా రాశారు. అలాంటిది షాపులో ఏ మాత్ర ఇచ్చారో ఒక్కసారైనా చూసుకోలేదా?

అది బహుశా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర అయ్యుంటుంది. స్ట్రిప్పు లేకుండా కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారంటే స్టెరాయిడ్ కూడా ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది, అది వేసుకున్న రోజుల్లో షుగర్ ఎంత ఉందో చూసుకున్నారా? నా అసలు భయం మాత్రం మీ కిడ్నీల గురించి. కిడ్నీ వడపోతలోకి రక్తం వచ్చే దారిని నొప్పి మాత్ర బిగిస్తుంది. బయటికి పోయే దారిని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. రెంటి వల్లా వడపోతకు కావలసిన ఒత్తిడి తగ్గుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. పైగా మనది 40 డిగ్రీలు దాటే వేసవి, ఊరికే కూర్చున్నా చెమట కారిపోతుంది. దానికి బీరు కూడా తోడైతే ఒంట్లో నీరు ఇంకా తగ్గిపోతుంది. నొప్పి మాత్రలు, మద్యం కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదమూ ఉంది. మలం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయకండి.

మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. ఇది చదివి రేపటి నుంచి ఆ మాత్ర మానేయొద్దు. బీపీ ఒక్కసారిగా పెరిగితే పక్షవాతం దాకా పోవచ్చు. మార్చాలా వద్దా అన్నది మీ డాక్టరు గారు చూసి నిర్ణయిస్తారు. మార్చడానికి వేరే మందులున్నాయి.

ఇక బీరు. గౌట్ ఉన్నవాళ్లకు మద్యం ఏదైనా మంచిది కాదు, అందులో బీరుతో చిక్కు మరీ ఎక్కువ. ఆల్కహాల్ వల్ల కిడ్నీ యూరిక్ యాసిడ్‌ను సరిగా బయటికి పంపదు. బీరులో దానికి అదనంగా ప్యూరిన్లు ఉంటాయి, అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గానే మారతాయి. ఇంట్లో చేసిన బీరును వడకట్టరు, సీసా అడుగున ఈస్టు మడ్డి మిగులుతుంది. ఈస్టులో ప్యూరిన్లు పుష్కలం. ఇంట్లో చేసింది, కెమికల్స్ ఉండవు కాబట్టి ఒంటికి మంచిదనే నమ్మకం మీకూ ఉందేమో, ఈ విషయంలో దాన్ని వదులుకోండి.

గ్లిమిపిరైడ్ సంగతి ఇంకా ముఖ్యం. ఆ మాత్ర వేసుకుని సరిగా తినకుండా తాగితే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, మాట ముద్దగా రావడం చూసి ఇంట్లోవాళ్లు మత్తులో ఉన్నారనుకుని పడుకోబెడతారు. ఆ నిద్రలోనే స్పృహ తప్పినవాళ్లున్నారు. అలా కనిపిస్తే షుగర్ చెక్ చేయాలని, స్పృహ ఉంటే పంచదార నీళ్లు తాగించాలని మీ ఆవిడకు ఈరోజే చెప్పి ఉంచండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మెట్‌ఫార్మిన్ వాడుతూ అతిగా తాగితే, అందులోనూ కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే, రక్తంలో లాక్టిక్ యాసిడ్ ప్రమాదకరంగా పెరగవచ్చు.

"ఒక్క సీసానే కదా" అంటారేమో. 650 మి.లీ. సీసాలో 5 శాతం బీరంటే దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్. 8 శాతమైతే 41 గ్రాములు. ఇంట్లో చేసినది సరిగా కొలవకపోతే అది ఎంత శాతమో తాగే మనిషికే తెలియదు. పైగా ఆరేళ్లు మానేసిన ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే స్పష్టం చేసింది.

మీ బావగారి భయం నాటుసారా విషయంలో నిజం. బట్టీ పెట్టిన సారాలో, పారిశ్రామిక స్పిరిట్ కలిపిన మద్యంలో మిథనాల్ ప్రాణాలు తీస్తుంది, చూపు పోగొడుతుంది. మాల్టుతో పులియబెట్టి, బట్టీ పెట్టని బీరులో అది చాలా స్వల్పం. గడువు దాటిన ఈస్టు విషమేమీ కాదు గానీ సత్తువ తగ్గి సరిగా పులవదు, ఈలోగా వేరే సూక్ష్మజీవులు చేరతాయి. పాత సీసాలైతే మన ఎండకు లోపల గ్యాసు ఎక్కువై పేలి కంట్లో గాజు గుచ్చుకోవచ్చు. కడిగేటప్పుడు బ్లీచింగ్‌లో వెనిగర్ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. అన్నట్టు, మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి చేసుకోండి అని నేను చెప్పలేను. చట్టం అడ్డు లేకపోయినా మీ ఆరోగ్యాన్ని చూసి వద్దనే అంటాను.

ఈ వారంలోనే సీరం యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), లివర్ పరీక్షలు, మూత్ర పరీక్ష చేయించుకుని ఫిజీషియన్‌కు చూపించండి. బ్రాడీపేటలో ఉంటున్నారు, ల్యాబులకు, డాక్టర్లకు కరువు లేదు. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా కనిపించవచ్చు, దాన్ని చూసి గౌట్ కాదనుకోవద్దు. తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించాలి. గౌట్ అని తేలి మందు మొదలుపెడితే యూరిక్ యాసిడ్‌ను సాధారణంగా డెసిలీటరుకు 6 మి.గ్రా. కంటే తక్కువకు తెచ్చి అక్కడే నిలపాలని చూస్తాం. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ పేరు ఎక్కడో చదివి షాపులో అడగకండి. అది తక్కువ డోసుతో, కిడ్నీ రిపోర్టు చూసి మొదలుపెట్టాల్సిన మందు. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. కందిపప్పు, టమాటా మానేయాల్సిన పని లేదు. కార్జం, రొయ్యలు, ఎండుచేపలు, కూల్‌డ్రింకులు తగ్గించండి. మజ్జిగ తాగండి. పరీక్షలు అయ్యేవరకు నొప్పి వస్తే ఐస్ పెట్టుకోండి, కాలికి విశ్రాంతి ఇవ్వండి. షుగర్ వల్ల పాదం మొద్దుబారి ఉంటే మాత్రం ఐస్ కూడా వద్దు. షాపుకి మాత్రం వెళ్లకండి.

ఇదంతా మీ ఉత్తరం చదివి చెబుతున్న సాధారణ సలహా, మిమ్మల్ని పరీక్షించి రాసిన చీటీ కాదు. ఒక సంగతి మీరు రాయలేదు. ఆరేళ్ల క్రితం ఎందుకు మానేశారు? ఊరు మారడం వల్లనా, అప్పుడు లివర్ రిపోర్టులో ఏదైనా వచ్చిందా, తాగడం చేయి దాటుతోందని మీకే అనిపించిందా? చివరి రెండింటిలో ఏది నిజమైనా, ఆ సామానును తిరిగి అట్టపెట్టెలో పెట్టడం కూడా కాదు, ఇంట్లోంచే పంపించేయండి. ఆ పాత రిపోర్టులు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.