హెలికాప్టర్ పొగ పీల్చినవాళ్లకి క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: ఎయిర్‌ఫోర్స్‌లో 18 ఏళ్లు ఎంఐ-17 హెలికాప్టర్ మీద ఫ్లైట్ ఇంజనీర్‌గా చేశాను, ఇప్పుడు 51. గాల్లో ఒకచోటే నిలబడి మనుషుల్ని ఎక్కించేటప్పుడు తలుపు తీసి ఉంటే ఎగ్జాస్ట్ అంతా లోపలికే కొట్టేది. మాతో చేసినాయనకి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. ఫుల్ బాడీ స్కాన్ చేయించుకోనా? - ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: స్కాన్ వద్దండీ. ఏ ఇబ్బందీ లేనప్పుడు తీస్తే ఎక్కడో చిన్న మచ్చ కనపడుతుంది, దానెనకాల ఆర్నెల్లు తిరగడమే మిగులుతుంది, ల్యాబ్‌ల వాళ్లు ఇచ్చే ట్యూమర్ మార్కర్ (రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే పరీక్ష) ప్యాకేజీలు కూడా అంతే.

అలాగని మీ భయం ఉత్తది కాదు. ఆ పొగలో బెంజీన్ లాంటివి ఉంటాయి, బెంజీన్ వల్ల బ్లడ్ క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో తేలింది. వాసన అలవాటైపోయిందంటారా, మన మిర్చి యార్డులో హమాలీలకి ఘాటు తెలీదు, మనం గేటు దగ్గరే తుమ్ముతాం, అంతమాత్రాన వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోవట్లేదని కాదుగా. బ్రిటన్‌లో సీ కింగ్ లాంటి హెలికాప్టర్లలో పనిచేసినవాళ్లు ఈ పొగ మీదే రక్షణశాఖని నిలదీస్తున్నారు. అమెరికా రక్షణశాఖ 2023లో ఇచ్చిన లెక్కలో ఎయిర్ క్రూకి మామూలు జనం కన్నా క్యాన్సర్లు 24 శాతం ఎక్కువ, మెలనోమా అనే చర్మ క్యాన్సరైతే 87 శాతం. కానీ అది విమానాల వాళ్ల లెక్క, పైగా మెలనోమా తెల్లతోలు వాళ్లకే ఎక్కువ, కాబట్టి ఆ అంకె మీకు అతికించుకోకండి. మనవాళ్లకి వస్తే అరికాల్లోనో గోరు కిందో నల్ల మచ్చలా వస్తుంది, స్నానం చేసేటప్పుడు ఓసారి చూసుకోండి చాలు.

ఏడాదికోసారి సీబీపీ (రక్తకణాల లెక్క), స్మియర్‌తో (రక్తపు చుక్కని మైక్రోస్కోప్‌లో చూడటం) సహా, యూరిన్ టెస్ట్ కూడా చేయించండి, మాజీ సైనికులకిచ్చే మీ ఈసీహెచ్‌ఎస్ వైద్య కార్డు మీదే అయిపోతుంది. నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి రక్తం పడినా వేడి చేసిందిలే అని మజ్జిగ తాగి ఊరుకోవద్దు (నా దగ్గరికి లేటుగా వచ్చేవాళ్లలో సగం మంది చెప్పేది ఇదే), అది బ్లాడర్ (మూత్రాశయం) క్యాన్సర్ కావచ్చు. నెలల తరబడి నీరసం, చీటికీమాటికీ జ్వరం, ఊరికే ఒంటిమీద కమిలిన మచ్చలు, రాత్రిళ్లు లేపేసే నడుం నొప్పి, వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించుకోండి, అవసరమైతే మంగళగిరి ఎయిమ్స్‌కి రాసిస్తారు.

సిగరెట్ సంగతి మీరు రాయలేదు, ఉంటే ఆ పొగ ఇవాళే ఆపగలరు.

ఇంకోటి, మీ ఫ్లయింగ్ లాగ్‌బుక్ అటక మీదుంటే దించి జిరాక్స్ తీసి పెట్టుకోండి, డాక్టర్‌కి ఎన్ని గంటలు ఎగిరారో చెప్పాలన్నా రేపు డిసబిలిటీ పెన్షన్ అడగాల్సొచ్చినా అదే పనికొస్తుంది.