క్రోన్స్ ఆపరేషన్‌కు ముందు, తర్వాత తమ్ముడికి ఏమి పెట్టాలి?

పేగుల్లో వాపు ఏళ్ల తరబడి వేధించే క్రోన్స్ వ్యాధితో మీ తమ్ముడికి చిన్నపేగు చివరి భాగం సన్నబడిందని, వచ్చే నెల దాన్ని తీసేస్తారని, ఇప్పటికే తొమ్మిది కిలోలు తగ్గి యాభైకి వచ్చాడని రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు గంజి, చారన్నం తప్ప ఏదీ పెట్టనివ్వడం లేదన్నది చదివాక ఊరుకోలేకపోయాను. మా వారికీ ఇదే జబ్బు, ఇదే ఆపరేషన్.

ఆరు నెలల్లో బరువులో పదోవంతుకు మించి తగ్గినవారికి పేగు కుట్లు సరిగా అతకకపోవడం, చీము పట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. అందుకే అత్యవసరం కాకపోతే, ఒకటి రెండు వారాలు ఆపరేషన్ వాయిదా వేసైనా ముందు పోషణ ఇస్తారు. మా వారికి అలాగే వాయిదా వేశారు. మా అత్తగారు చాలా ఆందోళనపడ్డారు కానీ, ఆయన తేరుకోవడానికి ఆ నిర్ణయమే కారణమని నా గట్టి నమ్మకం.

ఈ దశలో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే మీ తమ్ముడికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. ఇక గంజితో, చారుతో ఆ లెక్క ఎలా తీరుతుంది? ఉడికించిన గుడ్లు, ముళ్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన చికెన్, పనీర్, పెరుగు, బాగా మెదిపిన పెసరపప్పు కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టండి. పేగు సన్నబడింది కాబట్టి పీచు మాత్రం అడ్డుపడుతుంది. మునక్కాయ, గోంగూర, ఆకుకూర కాడలు, మొక్కజొన్న, పచ్చికొబ్బరి, పల్లీలు, టమాటా తోలు ఇప్పుడు వద్దు. తిండి సరిపోకపోతే కొన్ని వారాలు పూర్తిగా ద్రవ పోషకాహారమే ఇస్తారు. దాని రుచి చాలామందికి నచ్చదు. బాగా చల్లబరిచి స్ట్రాతో ఇస్తే మా వారు తాగగలిగేవారు. రక్తం తక్కువగా ఉంటే ఐరన్ నరానికి ఎక్కించే వీలుంటుంది, అడగండి.

ఆపరేషన్ తర్వాత ‘పప్పు తింటే చీము పడుతుంది, పెరుగు చలువ చేస్తుంది’ అంటూ చుట్టాలు పథ్యం మొదలుపెడతారు. దయచేసి ఒప్పుకోకండి. గాయం మానాలంటే మాంసకృత్తులే కావాలి. డాక్టర్ అనుమతించగానే ద్రవాలతో మొదలుపెట్టి ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, గుడ్డు వరకు రావచ్చు.

చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి, మలం చేరేందుకు అక్కడ తాత్కాలికంగా సంచి పెడితే అసలు జాగ్రత్త అక్కడే. చిన్నపేగు నుంచి బయటికి వచ్చే ద్రవంతో ఉప్పు విపరీతంగా పోతుంది. దాహం వేస్తోందని చెంబులకొద్దీ మంచినీళ్లు తాగితే సంచి ఇంకా త్వరగా నిండుతుంది, నీరసం పెరుగుతుంది. చూడవచ్చినవాళ్లందరూ కొబ్బరిబొండాలు తెస్తారు. వాటిలో సోడియం తక్కువ, పోయిన ఉప్పును అవి పూడ్చలేవు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. సంచి మరీ ఎక్కువగా నిండేవారికి లీటరు నీటిలో 20 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపిన ద్రావణం ఇస్తారు. ఇది డాక్టర్ చెబితేనే, కొలతలు తప్పకుండా కలపండి. అన్నం, అరటిపండు సంచిలోకి వచ్చేదాన్ని కొంచెం చిక్కబరుస్తాయి. రోజుకు లీటరున్నర దాటినా, మూత్రం తగ్గినా, పిక్కలు పట్టేసినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఏమీ రాకుండా ఆగిపోయి కడుపునొప్పి, వాంతులు మొదలైతే తెల్లవారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పుట్టగొడుగులు, కొబ్బరి, మొక్కజొన్న ముట్టనివ్వకండి.

విటమిన్ బి12 శరీరానికి అందేది చిన్నపేగు చివరి భాగం నుంచే. అక్కడ 20 సెంటీమీటర్లకు మించి తీసేస్తే సాధారణంగా జీవితాంతం ఇంజెక్షన్లు కావాలి. పైత్యరసంలోని ఆమ్లాలు తిరిగి లోపలికి చేరేదీ అక్కడే. అందుకే ఆపరేషన్ తర్వాత కొందరికి నీళ్ల విరేచనాలవుతాయి. వ్యాధి తిరగబెట్టిందని బెంబేలెత్తకండి, దానికి వేరే మందు ఉంది. ఎన్ని సెంటీమీటర్లు తీశారో డిశ్చార్జి కాగితంలో తప్పకుండా రాయించుకోండి, తర్వాత చూసే ప్రతి డాక్టరూ అదే అడుగుతారు.